టీడీఏ1541ఏ డ్యాక్‌లో కరెంటును వోల్టేజీగా మార్చడం: రెసిస్టరా, ఆప్ ఆంపా, ట్రాన్స్‌ఫార్మరా?

మీరు టీడీఏ1541ఏ చిప్‌తో, ఓవర్‌శాంప్లింగ్ (శాంపిళ్ళ మధ్య అదనపు శాంపిళ్ళను లెక్కగట్టి చేర్చడం) లేకుండా, సొంతంగా ఒక డ్యాక్ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం) కట్టుకున్నారు. మొదట ఎన్ఈ5534 ఆప్ ఆంప్ (ఆపరేషనల్ యాంప్లిఫయర్ చిప్) పెట్టి, దాని ఫీడ్‌బ్యాక్‌లో, అంటే అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు తిరిగి వచ్చే దారిలో, 1.5 కిలోఓంల రెసిస్టర్ వేశారు. తీగ వాయిద్యాల్లో గరుకుదనం వినిపిస్తోందని దాన్ని తీసేసి, చిప్ అవుట్‌పుట్ పిన్ను నుంచి గ్రౌండుకు 100 ఓంల రెసిస్టర్ ఒక్కటే పెట్టి, దాని వెనక ట్యూబ్ స్టేజీ కలిపారు. గరుకుదనం తగ్గింది గానీ, పాట గట్టిగా అందుకున్న చోట గొంతు పలచబడి చెదురుతోందని రాశారు. ఇప్పుడు ఏడీ844 (కరెంటు ఫీడ్‌బ్యాక్ రకం వేగమైన ఆప్ ఆంప్) మేలా, ట్రాన్స్‌ఫార్మర్ మేలా, మళ్ళీ ఆప్ ఆంపే వేయాలా అన్నది మీ ప్రశ్న. మీరు జతచేసిన సర్క్యూట్ బొమ్మ చూశాక రెండు లక్షణాలకూ కారణం స్పష్టంగానే కనిపిస్తోంది కాబట్టి, భాగాల పేర్లకు ముందు ఆ కారణం నుంచే మొదలుపెడతాను.

కరెంటును వోల్టేజీగా మార్చే ఈ స్టేజీ పని సిగ్నల్‌ను పెంచడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని మొదటి పని, చిప్ అవుట్‌పుట్ పిన్ను వద్ద వోల్టేజీని కదలనివ్వకుండా పట్టి ఉంచడం. టీడీఏ1541ఏ లోపల ఒక్కొక్క బిట్‌కు ఒక్కొక్క కరెంటు సిద్ధంగా ఉంటుంది. ట్రాన్సిస్టర్ స్విచ్‌లు వాటిని అవుట్‌పుట్ వైపో గ్రౌండు వైపో మళ్ళిస్తాయి. ఆ కరెంట్ల నిష్పత్తులు 16 బిట్ల కచ్చితత్వంతో ఉండేలా ఫిలిప్స్ ఇంజనీర్లు డైనమిక్ ఎలిమెంట్ మ్యాచింగ్ (కరెంట్ల స్థానాలను వరుసగా మార్చుతూ తేడాలను సగటు చేయడం) అనే పద్ధతిని వాడారు. చిప్‌కు ఇరువైపులా ఉన్న 14 డీకప్లింగ్ కెపాసిటర్లు దాని కోసమే. అవుట్‌పుట్ పిన్ను పైకీ కిందికీ ఊగితే ఆ స్విచ్‌ల కలెక్టర్ వోల్టేజీ కూడా ఊగుతుంది, ప్రతి బిట్ కరెంటూ కొద్దిగా మారుతుంది, ట్రాన్సిస్టర్లలోని సూక్ష్మ కెపాసిటెన్సులు సిగ్నల్‌ను బట్టి నిండుతూ ఖాళీ అవుతూ ఉంటాయి. అంత శ్రమపడి సాధించిన నిష్పత్తి అక్కడితో చెడుతుంది. అందుకే డేటాషీటు ఆ పిన్ను వద్ద ప్లస్ లేదా మైనస్ 25 మిల్లీవోల్టులకు మించి కదలిక ఉండకూడదని చెబుతుంది. ఏ సర్క్యూట్‌నైనా నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: పిన్ను ఎంత కదులుతోంది, వినికిడి పరిధిలోనే కాక మెగాహెర్ట్జ్‌ల దాకా?

ఈ కొలతతో మీ 100 ఓంల రెసిస్టర్‌ను చూడండి. టీడీఏ1541ఏ పూర్తి స్థాయి కరెంటు 4 మిల్లీఆంపియర్లు, అది కూడా ఒకే దిశలో: చిప్ బయటి నుంచి కరెంటును లోపలికి లాక్కుంటుంది. నిశ్శబ్దంలో 2 మిల్లీఆంపియర్లు, ఒక శిఖరం వద్ద సున్నా, మరో శిఖరం వద్ద 4. మీ బొమ్మలో ఆ 2 మిల్లీఆంపియర్లను తుల్యం చేసే (ఎదురు కరెంటు ఇచ్చి రద్దు చేసే) ఏర్పాటు ఏదీ లేదు కాబట్టి, మీ పిన్ను నిశ్శబ్దంలోనే మైనస్ 200 మిల్లీవోల్టుల వద్ద కూర్చుంటుంది, గట్టి శబ్దం వచ్చినప్పుడు మైనస్ 400 దాకా దిగుతుంది. అనుమతించిన హద్దుకు అది 16 రెట్లు. చిన్న శబ్దాల్లో కదలిక తక్కువ కాబట్టి తేడా తెలియదు, పెద్ద శబ్దాల్లో బయటపడుతుంది. గొంతు చెదరడానికి మొదటి కారణం ఇదే. ట్యూబ్‌ను అనుమానించే ముందు దీన్ని సరిచేయండి.

రెసిస్టర్ పద్ధతికి అంత పేరు రావడానికి కారణం టీడీఏ1543 అని నా అభిప్రాయం. ఎనిమిది కాళ్ళ ఆ చిన్న చిప్ అవుట్‌పుట్ పిన్ను వోల్టుల స్థాయిలో కదిలినా ఓర్చుకుంటుంది. దానికి రెసిస్టర్ ఒక్కటి చాలు. పేర్లు దగ్గరగా ఉన్నాయని అదే ఏర్పాటును 1541ఏకి తెచ్చిపెట్టడం సరికాదు.

రెసిస్టర్ విలువ తగ్గిస్తే సరిపోదా అంటారేమో. హద్దులోనే ఉండాలంటే, 2 మిల్లీఆంపియర్ల తుల్యం చేసిన తర్వాత కూడా, 12.5 ఓంలు మించకూడదు. అప్పుడు చేతికి వచ్చేది శిఖరం నుంచి శిఖరానికి 50 మిల్లీవోల్టులు, అంటే దాదాపు 17.7 మిల్లీవోల్టుల ఆర్ఎంఎస్ (ఏసీ సిగ్నల్ ప్రభావ విలువ). సీడీ ప్లేయర్ల మామూలు 2 వోల్టులకు చేరాలంటే 113 రెట్లు పెంచాలి. కొందరు రాజీపడి 33 ఓంలు వేస్తారు. అప్పుడు కదలిక ప్లస్ లేదా మైనస్ 66 మిల్లీవోల్టులు, సిగ్నల్ 46.7 మిల్లీవోల్టుల ఆర్ఎంఎస్, కావలసిన గెయిన్ (పెంపు) 43 రెట్లు. ఇక్కడ నాయిస్ లెక్క కూడా వేయాలి. వెనక స్టేజీ ఇన్‌పుట్ నాయిస్ హెర్ట్జ్ వర్గమూలానికి 5 నానోవోల్టులు ఉందనుకుంటే, 20 కిలోహెర్ట్జ్‌ల పరిధిలో అది 0.7 మైక్రోవోల్టులు, సిగ్నల్‌తో దాని నిష్పత్తి 96 డెసిబెల్స్. 16 బిట్ల సిద్ధాంత హద్దు 98. అంటే చిప్ ఇచ్చిన చివరి బిట్టును ఆ యాంప్లిఫయర్ నాయిస్ మింగేస్తోంది. ఏడీ797 లాంటి, 1 నానోవోల్టు దగ్గరి యాంప్లిఫయర్ వేస్తే 110 డెసిబెల్స్ దాకా వెళ్ళవచ్చు. కానీ చివరికి మంచి ఆప్ ఆంప్ వేయక తప్పనప్పుడు, దాన్ని మొదటి స్థానంలోనే పెట్టి పిన్నును కదలకుండా పట్టి ఉంచడం తెలివైన పని కదా?

అందుచేత మీరు తీసేసిన ఎన్ఈ5534 దగ్గరకే తిరిగి వెళ్దాం. దోషం ఆ చిప్‌ది కాదు, దాని చుట్టూ వేయని రెండు కెపాసిటర్లది.

ఆప్ ఆంప్ ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ వద్ద వర్చువల్ గ్రౌండ్ (గ్రౌండుకు కలపకపోయినా సున్నా వోల్టుల వద్ద నిలిచే బిందువు) ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. అది సున్నా ఓంలు కాదు. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌ను, సిగ్నల్ పౌనఃపున్యం వద్ద ఉన్న ఓపెన్ లూప్ గెయిన్‌కు (ఫీడ్‌బ్యాక్ లేనప్పటి పెంపుకు) ఒకటి కలిపి భాగిస్తే వచ్చే విలువ. ఎన్ఈ5534 గెయిన్ బ్యాండ్‌విడ్త్ (గెయిన్, పౌనఃపున్యాల లబ్ధం) 10 మెగాహెర్ట్జ్‌లు అనుకుంటే, 20 కిలోహెర్ట్జ్‌ల వద్ద గెయిన్ 500, 1.5 కిలోఓంలను 501తో భాగిస్తే 3 ఓంలు. 4 మిల్లీఆంపియర్లకు కదలిక 12 మిల్లీవోల్టులు, హద్దులోనే ఉంది. కానీ 1 మెగాహెర్ట్జ్ వద్ద గెయిన్ 10 మాత్రమే, ఇన్‌పుట్ వద్ద కనిపించేది దాదాపు 136 ఓంలు. అంటే మీరు తర్వాత పెట్టిన రెసిస్టర్ కంటే కూడా ఎక్కువ. సంగీతంలో 1 మెగాహెర్ట్జ్ ఎందుకుంటుందని అనవచ్చు. సంగీతంలో ఉండదు, డ్యాక్ అవుట్‌పుట్‌లో ఉంటుంది. ప్రతి 22.7 మైక్రోసెకన్లకు ఒకసారి కరెంటు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దూకుతుంది, ఆ దూకుడు అంచు చాలా నిటారుగా ఉంటుంది.

ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ పక్కన కెపాసిటర్ లేనప్పుడు ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. పూర్తి స్థాయి మెట్టు వచ్చిందంటే అవుట్‌పుట్ ఒక్క ఊపున 6 వోల్టులు మారాలి. ఎన్ఈ5534 స్లూ రేటు (అవుట్‌పుట్ మారగల గరిష్ఠ వేగం), కాంపెన్సేషన్ (స్థిరత్వం కోసం పెట్టే చిన్న కెపాసిటర్) లేనప్పుడు, మైక్రోసెకనుకు 13 వోల్టులు. కాబట్టి దాదాపు అర మైక్రోసెకను పాటు అవుట్‌పుట్ వెనకబడే ఉంటుంది. ఆ అర మైక్రోసెకనులో ఫీడ్‌బ్యాక్ అనేది పనిచేయదు. మిగులు కరెంటు ఇన్వర్టింగ్ పిన్నును, ఈ చిప్ ఇన్‌పుట్‌ల మధ్య ఉన్న రక్షణ డయోడ్‌లు పట్టుకునే 0.6 వోల్టుల దాకా తోసేయగలదు. అసలు సంగీతంలో మెట్లు ఇంత పెద్దవి అరుదే గానీ, వీణ మీటులోనో తాళం చప్పుడులోనో పై పౌనఃపున్యాలు పెరిగిన కొద్దీ పెద్దవవుతాయి. గరుకుదనం తీగ వాయిద్యాల్లోనే వినిపించిందన్న మీ పరిశీలన దీనితో చక్కగా సరిపోతుంది.

పరిష్కారం ఎక్కువ వేగం గల ఆప్ ఆంప్ కొనడం అని చాలాచోట్ల చదువుతాం. నా సలహా వేరు: మెట్టు వేగాన్నే తగ్గించండి. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కు సమాంతరంగా కెపాసిటర్ పెడితే, మెట్టు వచ్చిన క్షణంలో కరెంటంతా దాని గుండా వెళ్తుంది, అవుట్‌పుట్ మారే వేగం కరెంటును కెపాసిటెన్సుతో భాగించినంత మాత్రమే అవుతుంది. 4 మిల్లీఆంపియర్లు, 1 నానోఫారడ్ అయితే మైక్రోసెకనుకు 4 వోల్టులు, 2.2 నానోఫారడ్ అయితే 1.8 వోల్టులు. సరిగ్గా కాంపెన్సేట్ చేసిన ఎన్ఈ5534 స్లూ రేటు 6 వోల్టులు, కాబట్టి ఎంత పెద్ద మెట్టు వచ్చినా అది స్లూయింగ్‌లోకి వెళ్ళే అవకాశమే ఉండదు. మైక్రోసెకనుకు వేల వోల్టుల భాగాల కోసం వెతకనవసరం లేకుండా ఒక చిన్న కెపాసిటర్ ఆ సమస్యను తీరుస్తుంది.

ఏ విలువ వేయాలన్నది మీ ఫిల్టర్ మీద ఆధారపడుతుంది. 1 నానోఫారడ్‌తో మూల పౌనఃపున్యం 106 కిలోహెర్ట్జ్‌లు, 20 కిలోహెర్ట్జ్‌ల వద్ద తగ్గుదల 0.15 డెసిబెల్. 2.2 నానోఫారడ్‌తో 48 కిలోహెర్ట్జ్‌లు, తగ్గుదల 0.7 డెసిబెల్. ఓవర్‌శాంప్లింగ్ లేని డ్యాక్‌లో మెట్ల ఆకారం వల్లనే 20 కిలోహెర్ట్జ్‌ల వద్ద 3.2 డెసిబెల్స్ ఎలాగూ పోతాయి. దాని మీద ఇంకో 0.7 నాకు పెద్ద నష్టంగా అనిపించదు, అందుకే మీ సందర్భంలో 2.2 నానోఫారడ్ వేస్తాను. పాలీస్టైరీన్, పాలీప్రొపిలీన్, లేదా సీ0జీ రకం సిరామిక్ మాత్రమే వాడండి. ఎక్స్7ఆర్ రకం సిరామిక్ వద్దు. దాని కెపాసిటెన్సు దాని మీద ఉన్న వోల్టేజీతో పాటే మారుతుంది, సరిగ్గా సిగ్నల్ దారిలో అలాంటిది ఉండకూడదు.

రెండో కెపాసిటర్ 5534కే ప్రత్యేకం. ఈ చిప్ 3 లేదా అంతకు మించిన గెయిన్‌కు మాత్రమే తనంతట తాను స్థిరంగా ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ పెట్టాక, పై పౌనఃపున్యాల్లో నాయిస్ గెయిన్ (స్థిరత్వానికి లెక్కలోకి వచ్చే గెయిన్) ఒకటికి దగ్గరగా పడిపోతుంది కాబట్టి 5, 8 పిన్నుల మధ్య 22 పికోఫారడ్ తప్పనిసరి. మీ బొమ్మలో అది లేదు. మొదటి కూర్పులో మీ ఆప్ ఆంప్ మెగాహెర్ట్జ్‌లలో ఆసిలేట్ అవుతూ ఉండి ఉండవచ్చు కూడా; గరుకుదనానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇంకొకటి, ఇది ఐచ్ఛికం: డ్యాక్ పిన్ను నుంచి గ్రౌండుకు 1 నానోఫారడ్ సీ0జీ. ఆప్ ఆంప్ స్పందించే లోపు వచ్చే మొదటి కొన్ని నానోసెకన్ల అంచును అది పీల్చుకుంటుంది. దీనివల్ల స్థిరత్వం చెడకుండా ఉండటానికి ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ కనీసం ఎంత ఉండాలన్నది ఒక సూత్రంతో తేలుతుంది: ఇన్‌పుట్ కెపాసిటెన్సును, 2పై, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్, గెయిన్ బ్యాండ్‌విడ్త్ ఈ మూడింటి లబ్ధంతో భాగించి వర్గమూలం తీయాలి. మన అంకెలకు 103 పికోఫారడ్లు వస్తుంది, 2.2 నానోఫారడ్ దానికి ఎంతో పైన ఉంది.

ఇప్పుడు ఆ 2 మిల్లీఆంపియర్ల సంగతి. ఏమీ చేయకపోతే ఆప్ ఆంప్ అవుట్‌పుట్ నిశ్శబ్దంలో ప్లస్ 3 వోల్టుల వద్ద నిలిచి, సున్నా నుంచి 6 మధ్య ఊగుతుంది. ప్లస్, మైనస్ 15 వోల్టుల సరఫరా ఉంటే దానితో ప్రమాదమేమీ లేదు, కప్లింగ్ కెపాసిటర్ పెట్టుకుంటే చాలు. కెపాసిటర్ వద్దనుకుంటే ప్లస్ 15 నుంచి డ్యాక్ పిన్నుకు 7.5 కిలోఓంలు వేయవచ్చు. అయితే ఆ రెసిస్టర్ గుండా సరఫరా నాయిస్ కూడా నేరుగా సిగ్నల్‌లోకి వస్తుందని మరవకండి. 7815 రెగ్యులేటర్ నాయిస్ దాదాపు 90 మైక్రోవోల్టులు. అందులో ఐదో వంతు, అంటే 18 మైక్రోవోల్టులు, అవుట్‌పుట్‌లో తేలుతుంది. అందుకని 7.5 కిలోఓంలను 3.9, 3.6 కిలోఓంల రెండు ముక్కలుగా చేసి, మధ్య నుంచి గ్రౌండుకు 100 మైక్రోఫారడ్ పెట్టండి. 1 హెర్ట్జ్ కంటే కింద నుంచే నాయిస్ తగ్గిపోతుంది. ఈ చిప్‌ల పూర్తి స్థాయి కరెంటు 3.4 నుంచి 4.6 మిల్లీఆంపియర్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు కాబట్టి, 3.6 స్థానంలో 2.7 కిలోఓంలు, దానితో సిరీస్‌లో 2 కిలోఓంల ట్రిమ్‌పాట్ (విలువ సర్దుకోగల చిన్న రెసిస్టర్) పెట్టి, డిజిటల్ నిశ్శబ్దం ఉన్న ట్రాక్ నడిపిస్తూ, చిప్ బాగా వేడెక్కాక సున్నాకు సరిచేసుకోవాలి. పూర్తిగా సున్నాకు రాకపోయినా కొన్ని మిల్లీవోల్టులు మిగిలితే ఫర్వాలేదు.

ఏడీ844 గురించి అడిగారు. దాని 3వ పిన్నును గ్రౌండు చేసి, డ్యాక్‌ను 2వ పిన్నుకు కలిపి, 5వ పిన్ను నుంచి గ్రౌండుకు 1.5 కిలోఓంలు పెట్టి, ఫీడ్‌బ్యాక్ లేకుండా వాడే పద్ధతి అందంగా ఉంటుంది, మెగాహెర్ట్జ్‌లలో కూడా దాని ప్రవర్తన పెద్దగా మారదు. చిక్కు ఏమిటంటే 2వ పిన్ను ఇన్‌పుట్ ఇంపిడెన్స్ 50 ఓంలు. 4 మిల్లీఆంపియర్లకు అది 200 మిల్లీవోల్టుల కదలిక, మీ ఇప్పటి రెసిస్టర్‌లో సగం. ఇందుకే కొందరు మూడు నాలుగు చిప్‌లను సమాంతరంగా పేర్చుతారు; నాలుగు పెడితే 12.5 ఓంలకు దిగి, తుల్యం కూడా చేస్తే, సరిగ్గా హద్దు మీద నిలుస్తుంది. పీసీఎం1704 లాంటి ప్లస్, మైనస్ 1.2 మిల్లీఆంపియర్ల చిప్‌లకు ఒక్కటి పెట్టి చూడవచ్చు గానీ, 1541ఏకి ఒంటరి ఏడీ844ను నేను సిఫారసు చేయను. పైగా చవకగా దొరికే ఏడీ844లలో నకిలీలు విపరీతం. టీడీఏ1541ఏ విషయంలోనూ అంతే, ముఖ్యంగా కిరీటం గుర్తు (ఎంపిక చేసిన మేలురకం చిప్‌లకు వేసిన గుర్తు) ముద్రించి అమ్మేవాటి విషయంలో జాగ్రత్త.

ట్రాన్సిస్టర్ బేస్‌ను కదలకుండా కట్టి, ఎమిటర్‌లోకి డ్యాక్ కరెంటును పంపే కామన్ బేస్ పద్ధతి మీద నాకు ఎక్కువ గౌరవం ఉంది. యాంప్లిఫయర్ డిజైనర్ నెల్సన్ పాస్ తన డీ1 అనే డ్యాక్‌లో ఇదే ఆలోచనను మాస్‌ఫెట్ అనే మరో రకం ట్రాన్సిస్టర్‌తో చేశారు. ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్‌లో 10 మిల్లీఆంపియర్ల స్థిర కరెంటు నడుస్తుంటే ఎమిటర్ వద్ద కనిపించేది 2.6 ఓంలు. డ్యాక్ మరో 4 లాగినప్పుడు మొత్తం 14 అవుతుంది, అయినా ఎమిటర్ కదిలేది 9 మిల్లీవోల్టుల లోపే. ఫీడ్‌బ్యాక్ లేదు కాబట్టి స్లూయింగ్ అన్న ప్రశ్నే రాదు. కానీ ఎమిటర్‌ను సున్నా వోల్టుల వద్ద ఉంచడానికి బేస్‌ను 0.65 వోల్టుల దగ్గర నిలపాలి, అది వేడితో కదులుతుంది. అదే రకం ట్రాన్సిస్టర్‌ను డయోడ్‌లా కలిపి, రెండింటినీ వీపులు ఆనించి అతికించాలి. కలెక్టర్ వైపు స్థిర కరెంటును కరెంటు సోర్స్‌తో మోయించి, 1.5 కిలోఓంలలో సిగ్నల్ మాత్రమే నడిచేలా చూడాలి. ఆప్ ఆంప్ కూర్పు బాగా నడిచాక, తీరిగ్గా చేసుకోవలసిన పని ఇది.

ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో ఒక్క హెచ్చరిక. 1:10 ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో 1.2 కిలోఓంలు పెడితే డ్యాక్‌కు 12 ఓంలుగా కనిపిస్తుంది, అదనంగా ప్రైమరీ తీగ నిరోధకత కలుస్తుంది. నాయిస్ లేకుండా పది రెట్లు గెయిన్ రావడం నిజమైన లాభం. కానీ ఆ 2 మిల్లీఆంపియర్ల డీసీని ముందే తుల్యం చేయకపోతే అది ప్రైమరీ గుండా పారి, నికెల్ కోర్‌ను ఒకవైపుకు అయస్కాంతీకరించి, బాస్‌ను పాడు చేస్తుంది.

భాగాల కంటే కూడా గ్రౌండు తీగ ముఖ్యం. ఆప్ ఆంప్ నాన్ ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌ను దగ్గర్లో దొరికిన గ్రౌండుకు కాకుండా, టీడీఏ1541ఏ 5వ పిన్ను, అంటే అనలాగ్ గ్రౌండు, వద్దకే తీసుకువెళ్ళి కలపండి. ఆప్ ఆంప్ ఆ ఇన్‌పుట్‌నే సున్నాగా నమ్ముతుంది. అది డిజిటల్ గ్రౌండు మీద ఊగుతుంటే పిన్నును కూడా దానితో పాటే ఊపుతుంది. 6, 25 పిన్నుల (రెండు ఛానళ్ళ అవుట్‌పుట్‌ల) నుంచి ఆప్ ఆంప్‌కు దారి వేలెడు పొడవు మించకూడదు.

కట్టాక కొలవండి. ఆసిలోస్కోప్ ఉంటే, ప్రోబు పొడవాటి గ్రౌండు తీగ తీసేసి పొట్టి స్ప్రింగ్ పెట్టి, పూర్తి స్థాయి 1 కిలోహెర్ట్జ్ నడిపిస్తూ 25వ పిన్ను మీద చూడండి. దాదాపు చదునైన గీత, దాని మీద 22.7 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున సన్నని ముల్లు కనిపించాలి. సైన్ ఆకారం స్పష్టంగా కనిపిస్తే పిన్ను కదులుతోందని అర్థం. ఇప్పటి 100 ఓంలతో ముందే ఒకసారి చూసి పెట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది. స్కోప్ లేకపోతే మంచి సౌండ్ కార్డు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్ చాలు: 19, 20 కిలోహెర్ట్జ్‌లు రెండూ కలిపి నడిపి, 1 కిలోహెర్ట్జ్ వద్ద ఎంత పుడుతోందో చూడండి. అక్కడ అసలు ఏమీ ఉండకూడదు, ఉన్నదంతా డిస్టార్షనే. 24.1, 25.1 కిలోహెర్ట్జ్‌ల వద్ద కనిపించే గీతలు ఓవర్‌శాంప్లింగ్ లేకపోవడం వల్ల వచ్చే ప్రతిబింబాలు, వాటిని చూసి కంగారు పడకండి. సౌండ్ కార్డు సొంత డిస్టార్షన్‌ను వాటితో కలిపి లెక్కించకుండా స్థాయి కొంచెం తగ్గించి మరోసారి కొలవడం మంచిది.

రేపు పీసీఎం1794ఏ లాంటి చిప్‌కు మారాలనుకుంటే లెక్కలు మారతాయి. దాని ప్రతి అవుట్‌పుట్‌లో మధ్య స్థాయి మైనస్ 6.2 మిల్లీఆంపియర్లు, ఊపు 7.8, 750 ఓంలతో ఆప్ ఆంప్ అవుట్‌పుట్ 4.65 వోల్టుల వద్ద నిలుస్తుంది, కానీ రెండు అవుట్‌పుట్‌లనూ తర్వాతి స్టేజీ తీసివేస్తుంది కాబట్టి ఆ డీసీ రద్దవుతుంది. పీసీఎం5102ఏ, ఏకే4490 లాంటివి నేరుగా వోల్టేజీ ఇస్తాయి. వాటి వెనక ఈ స్టేజీ పెట్టకూడదు.

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్ళే వీలుంటే, 1 శాతం మెటల్ ఫిల్మ్ 1.5 కిలోఓంలు పది కొని, మల్టీమీటర్‌తో కొలిచి రెండు ఛానళ్ళకు దగ్గరి జతను ఎంచుకోండి. ట్యూబ్ స్టేజీని వదులుకోనవసరం లేదు. ఇప్పుడు ఆప్ ఆంప్ నుంచే 2 వోల్టులు వస్తాయి కాబట్టి దాన్ని గెయిన్ లేని క్యాథోడ్ ఫాలోయర్‌గా మార్చి, రెండింటి మధ్య 1 మైక్రోఫారడ్ పాలీప్రొపిలీన్ కెపాసిటర్, గ్రిడ్ నుంచి గ్రౌండుకు 470 కిలోఓంలు పెట్టుకోండి.